21 రోజుల సెలవు

ప్రత్యేక సంచికకు సర్వీసు రోజుల జ్ఞాపకాలేవైనా వ్రాయమని మన సంఘం కార్యదర్శి గారు అడిగారు. పే కమిషన్ల గురించి, డి.ఎ. గురించి మిత్రులు ఎలాగూ వ్రాస్తారు. నేటి ఉద్యోగులలో చాలామంది పేరు కూడా విని ఉండని ఒక సెలవు గురించి నేను వ్రాస్తాను. దాని పేరు క్వారంటీన్ లీవు.

2020 మార్చి 24 రాత్రి ప్రధానమంత్రి 21 రోజుల లాక్‌డౌన్ ప్రకటించినప్పుడు ఈ అంకె ఎక్కడో చూశానే అనిపించింది. మా రూల్సు పుస్తకంలోనే చూశాను. ఇంట్లో ఎవరికైనా మశూచి, కలరా, ప్లేగు, డిఫ్తీరియా వంటి అంటువ్యాధి సోకితే, వైద్యాధికారి లేదా ఆరోగ్యాధికారి సర్టిఫికెట్టుపై ఆఫీసు పెద్ద ఆ ఉద్యోగిని 21 రోజుల వరకు రావద్దనవచ్చు. తప్పనిసరైతే 30 రోజులు. ఆ రోజులు డ్యూటీకి రానట్టు లెక్కకు రావు, జీతం ఆగదు, సెలవు ఖాతాలో కోత పడదు. విచిత్రమేమంటే, ఉద్యోగికే ఆ జబ్బు చేస్తే ఈ సెలవు వర్తించదు. అప్పుడు తన ఖాతాలోని సెలవే పెట్టుకోవాలి. అంటే ఇది రోగి మీద జాలితో ఇచ్చినది కాదు. ఆఫీసులో మిగిలినవారిని కాపాడడానికి పెట్టినది.

ఈ దృష్టి అన్ని చట్టాలకూ లేదు. 1896లో బొంబాయిలో ప్లేగు పుట్టింది. మరుసటి ఏడు ఫిబ్రవరిలోనే అంటురోగాల చట్టం వచ్చింది. నాలుగే సెక్షన్ల చిన్న చట్టం. ప్రయాణికులను తనిఖీ చేయవచ్చు, అనుమానం ఉన్నవారిని వేరుగా ఉంచవచ్చు, ఆజ్ఞ మీరినవారిని శిక్షించవచ్చు. అలా వేరుగా ఉంచిన మనిషి కూలి సంగతి ఏమిటన్నది మాత్రం అందులో లేదు. తనిఖీలకు, ప్లేగుకు రెంటికీ భయపడి వేలాది జనం నగరం విడిచి పారిపోయారు.

ఇక నా సంగతి. 1963 వేసవిలో నేను బెజవాడలో ఒక కేంద్ర ప్రభుత్వ కార్యాలయంలో గుమాస్తాను. ఉద్యోగంలో చేరి ఏడాది దాటింది. మా చెల్లెలికి అమ్మవారు పోసింది. గుమ్మానికి వేపమండలు కట్టాం. సంగతి చెబుతూ మా హెడ్ క్లర్కు గారికి చీటీ పంపితే, "సర్టిఫికెట్టు పంపండి, 21 రోజులు ఇటువైపు రాకండి" అని జవాబు వచ్చింది. ఆ నెల జీతం పైసా తగ్గకుండా అందింది. చెల్లెలు కోలుకుంది.

తిరిగి ఆఫీసుకు వెళ్ళేసరికి మంచినీళ్ళ కుండల దగ్గర కొత్త మనిషి కనిపించింది. అంతకు ముందు ఊడ్చి, నీళ్ళు తెచ్చిపోసే పెద్దావిడను మేమంతా పిన్నీ అనేవాళ్ళం. ఆవిడది కంటింజెన్సీ కింద రోజుకూలీ. వస్తేనే కూలి. నేను సెలవులో ఉన్నప్పుడే ఆవిడ మనుమడికీ అమ్మవారు పోసిందట. ఎవరికీ చెప్పకుండా వారం రోజులు పనికి వచ్చిందట. ఆ చేతులతోనే నీళ్ళు పోసిందట. ఎవరో చెబితే తెలిసి, ఆ రోజే పొమ్మన్నారు. ఆమె చోట్లో ఇంకొకరిని పెట్టుకున్నారు.

ఆవిడను తప్పుపట్టిన వారిలో నేనూ ఒకడిని. "మన ప్రాణాల మీదికి తెచ్చిందే" అన్నాను. మా హెడ్ క్లర్కు గారు కళ్ళద్దాలు తీసి, "మీరు నిజం చెబితే జీతం వచ్చింది నాయనా. ఆవిడ నిజం చెబితే ఏం వచ్చేది?" అన్నారు. నా దగ్గర జవాబు లేదు. తలా ఒక రూపాయి వేసుకుని పంపించాం. అంతకు మించి ఏమీ చేయలేదు.

ఫ్యాక్టరీ కార్మికులకు అప్పటికే ఒక దారి ఏర్పడింది. ఆచార్య బి.పి. అదార్కర్ 1944లో ఇచ్చిన నివేదిక ఆధారంగా 1948లో ఇ.ఎస్.ఐ. చట్టం వచ్చింది. 1952 ఫిబ్రవరి 24న నెహ్రూ గారు కాన్పూరులో పథకాన్ని ప్రారంభించారు. ఢిల్లీలోనూ అదే రోజు మొదలైంది. మన హైదరాబాదులో సనత్‌నగర్ ఇ.ఎస్.ఐ. ఆసుపత్రి తెలియని కార్మిక కుటుంబం ఉండదు. జబ్బు చేసిన కార్మికుడికి మొదట్లో దాదాపు సగం కూలి ఇచ్చేవారు. తరువాత అది 70 శాతమై, ఏడాదికి 91 రోజుల వరకు అందింది. క్షయ వంటి దీర్ఘరోగాలకు అంతకన్నా ఎక్కువ కాలం ఇచ్చారు. గొప్ప పథకమే. కాని మొదట్లో అది విద్యుత్తుతో నడుస్తూ 20 మంది లేక అంతకు మించి పనిచేసే ఫ్యాక్టరీలకే. మా పిన్ని వంటివారు ఆ లెక్కలోకి రాలేదు.

మశూచి మన దేశంలో 1975లో ఆగింది. దానితోపాటే క్వారంటీన్ లీవు మాట కూడా మా ఆఫీసులో వినిపించడం మానేసింది. మళ్ళీ 2020లో కరోనా వచ్చింది. లాక్‌డౌన్‌లో ఎవరి కూలీ కోయవద్దని కేంద్ర హోం శాఖ మార్చి 29న ఉత్తర్వు ఇచ్చింది. మే 18 నుండి దానిని ఉపసంహరించారు. యజమానులు, కార్మికులు మాట్లాడుకుని తేల్చుకోవాలని జూన్ 12న సుప్రీంకోర్టు చెప్పింది. కేంద్ర ఉద్యోగులకు మాత్రం 2021 జూన్‌లో స్పష్టమైన ఉత్తర్వు వచ్చింది. తల్లిదండ్రులకు గాని, తమపై ఆధారపడినవారికి గాని కరోనా సోకితే 15 రోజుల స్పెషల్ క్యాజువల్ లీవు. కేంద్ర సర్వీసులో ఉన్న మా అబ్బాయి ఆ ఉత్తర్వు చదివి వినిపిస్తే, ఇది మా పాత సెలవే కదా అన్నాను. ఆ రోజుల్లోనే మా వీధిలో పనిమనిషి ఒకామె దగ్గు అణచుకుంటూ ఇల్లిల్లూ తిరగడం చూశాను. ఈసారి నేను తప్పుపట్టలేదు. ఆమెను పనికి రావద్దని, నెల జీతం ఇంటికే పంపించాం.

మిత్రులారా, సర్వీసులో మనం పొందిన రక్షణలు ఉద్యోగ సంఘాలు పోరాడి తెచ్చుకున్నవి కొన్ని, మన వల్ల ఇతరులకు హాని రాకూడదని ప్రభుత్వమే ఇచ్చినవి కొన్ని. ఈ రెండో రకం అందరికీ ఉంటేనే పనిచేస్తుంది. ఆఫీసరు ఇంట్లో ఉండి, నీళ్ళు పోసే మనిషి పనికి వస్తే వ్యాధి ఆగదు. రేపు మరో మహమ్మారి వస్తే మనమంతా ఉంటామో లేదో. మన ఇళ్ళలో, అపార్టుమెంట్లలో పనిచేసేవారికి జబ్బు రోజుల కూలి కోయవద్దని మన పిల్లలకు ఇప్పుడే చెబుదాం. ఆ పెద్దావిడకు నేను పడ్డ బాకీ అలాగైనా కొంత తీరుతుంది.