రోగానికి కులం లేదు, దారి ఉంది

ఈ టపాలో ప్రస్తావించబోయే విషయం సభామర్యాదకు కాస్త ఎడంగా ఉంటుంది, చదువరులు మన్నించాలి. నోటితో మలద్వారాన్ని స్పృశించే లైంగిక చర్య, దాని ద్వారా సోకే అంటురోగాలు, ఆ రోగాలకు వైద్యులు ఒకప్పుడు పెట్టిన ఒక పేరు: ఇవీ ఇందులోని సంగతులు. పేరు పెట్టడంలో జరిగిన పొరపాటు రోగుల మీద ఎంత భారం మోపగలదో చెప్పడమే నా ఉద్దేశం.

ముందుగా ఆ క్రిముల కథ. 1681లో డెల్ఫ్ట్ నగరవాసి లీవెన్‌హుక్, విరేచనాలతో బాధపడుతూ తన మలాన్నే సూక్ష్మదర్శినిలో పరీక్షించి, కదలాడే జీవులను చూశాడు. అవి నేడు మనం జియార్డియా అంటున్న క్రిములని పండితుల అభిప్రాయం. 1875లో సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో లోష్ అమీబాను, 1897లో జపానులో కియోషి షిగా రక్తవిరేచనాల బాక్టీరియాను కనుగొన్నారు. హెపటైటిస్ ఎ వైరస్ 1973లో కంటికి చిక్కింది. వీటన్నిటి ప్రయాణం ఒక్కటే: ఒకరి మలం నుండి మరొకరి నోటికి. నీరు, ఈగ, కడగని చెయ్యి దానికి వాహనాలు. పచ్చకామెర్లు, జిగట విరేచనాలు ఎరిగిన మనకు ఇవి పాత చుట్టాలే.

శుద్ధమైన నీరు, భూగర్భ మురుగుకాలువలు ఏర్పడ్డాక పాశ్చాత్య నగరాలు ఈ రోగాలను దాదాపు మరచిపోయాయి. అటువంటిది, 1970లలో శాన్‌ఫ్రాన్సిస్కో నగర ఆరోగ్యశాఖలో పనిచేస్తున్న డాక్టర్ సెల్మా డ్రిట్జ్ ఒక మార్పును గమనించారు. అమీబియాసిస్, షిగెల్లా, హెపటైటిస్ సోకినవారిలో యువకులు ఎక్కువ కాసాగారు. వారిలో అనేకులు స్వలింగ సంపర్కులు. నీటిలో దోషం లేదు. అదే పాత దారిలో వాహనం మాత్రమే మారింది. 1977లో ఆమె, సహచరులు ఈ పరిశీలనను లాన్సెట్ పత్రికలో ప్రకటించారు. టైఫాయిడ్ సైతం ఈ విధంగా సోకగలదని ఆ ఏడే మరొక పత్రికలో తెలియజేశారు.

అంతకు ఒక ఏడాది ముందే, 1976లో, న్యూయార్క్ వైద్యులు కొందరు 260 మంది రోగులను పరిశీలించి 'గే బవెల్ సిండ్రోమ్' అనే పేరును ప్రవేశపెట్టారు. ఆ జాబితాలో మొలలు ఉన్నాయి, పులిపిర్లు ఉన్నాయి, గనేరియా, సిఫిలిస్, అమీబియాసిస్ ఉన్నాయి. వీటికి మూలమైన క్రిమి ఒకటి కాదు, సోకే దారి ఒకటి కాదు. మొలలకైతే క్రిమితో పనే లేదు. అన్నిటినీ కలిపిన సూత్రం రోగి ఎవరన్నది మాత్రమే. ఇదే చర్య స్త్రీపురుషుల మధ్యనూ ఉంటుంది. వారిని అడగవలసిన ప్రశ్నను ఆ పేరు మరుగుపరచింది. అడగబడినవారికి మాత్రం ముద్ర వేసింది.

చిత్రమేమిటంటే, ఆ పురుషులలో కనబడిన అమీబాలో అధికభాగం హానిచేయని మరొక జాతి. రెండు జాతులు ఉన్నాయని బ్రంప్ట్ 1925లోనే అన్నాడు. 1993లో గాని ఆ మాట స్థిరపడలేదు. ఇక 1981లో కొత్త వ్యాధి వెలుగు చూసినప్పుడు కూడా మొదట స్వలింగ సంపర్కుల పేరుతోనే పిలిచారు. 1982లో ఎయిడ్స్ అన్న పేరు వచ్చేలోగానే ఆ ముద్ర పడిపోయింది.

డ్రిట్జ్ పద్ధతి వేరు. ఆమె ఆ సమాజపు వైద్యులతో, సంఘాలతో నేరుగా మాట్లాడారు. ఎవరు అన్నదానికన్నా ఎలా అన్నదానికే ప్రాధాన్యమిచ్చారు. ప్రజారోగ్యానికి పనికివచ్చేది ఈ ప్రశ్నే.

ముప్పు నేటికీ తీరలేదు. 2016-18లో ఐరోపాలో హెపటైటిస్ ఎ ఈ దారినే ప్రబలింది. 2021 చివరినుండి బ్రిటన్‌లో, ఎన్నో మందులకు లొంగని షిగెల్లా కనబడింది. ఆ క్రిములు పది నుండి నూరు లోపలికి చేరినా జబ్బు చేయగలవు. శుభ్రంగా కడుక్కోవడం ముప్పును తగ్గిస్తుంది గాని తొలగించదు. పలుచని రబ్బరు తొడుగును అడ్డుగా వాడడం, విరేచనాలు తగ్గాక కనీసం వారంరోజులు సంపర్కం మానడం, హెపటైటిస్ ఎ, బి టీకాలు వేయించుకోవడం మేలు. ఈ చర్య ద్వారా హెచ్‌ఐవి సోకే అవకాశం అత్యల్పం; సిఫిలిస్, గనేరియా, హెర్పిస్ మాత్రం సోకగలవు.

మన విషయమూ ఆలోచించాలి. ఒకప్పుడు మనలో దాదాపు అందరికీ బాల్యంలోనే హెపటైటిస్ ఎ సోకి, రక్షణ మిగిలేది. మంచినీటి వసతి పెరిగిన నగరాలలో ఆ రక్షణ లేకుండానే నేటి పిల్లలు పెద్దవారవుతున్నారు. పెద్దవయసులో సోకితే ఆ జబ్బు తీవ్రంగా ఉంటుంది. పరస్పర అంగీకారంతో కూడిన స్వలింగ సంపర్కం నేరం కాదని 2018లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. చట్టం తొలగించిన భయాన్ని వైద్యుని గదిలో మొహమాటం నిలిపి ఉంచరాదు. వైద్యుడు ముఖం చిట్లించకుండా అడగాలి. రోగి తలదించుకోకుండా చెప్పగలగాలి. అడగని ప్రశ్న, చెప్పని జవాబు: ఈ రెంటి మధ్య సందులోనే రోగం నడుస్తుంది.