కథానాయకుడి పక్కన నిలబడి: డెన్‌హోమ్ ఎలియట్

హీరో కాలేకపోయినవాళ్లే క్యారెక్టర్ నటులుగా మిగులుతారనే అభిప్రాయం సినిమా లోకంలో బలంగా పాతుకుపోయింది. లండన్‌లో పుట్టిన డెన్‌హోమ్ ఎలియట్ (1922-1992) జీవితాన్ని పైపైన చూస్తే అది నిజమేననిపిస్తుంది. రెండో ప్రపంచ యుద్ధంలో బాంబర్ విమానం కూలి 1942లో జర్మన్లకు చిక్కాడు. బందీల శిబిరంలోనే తోటివాళ్లను కూడగట్టి నాటకాలాడాడు. యుద్ధం ముగిశాక లారెన్స్ ఒలివియర్‌తో కలిసి రంగస్థలమెక్కాడు. ముఖవర్చస్సు, వాచికం అన్నీ ఉన్నా తెరమీద హీరోగా నిలదొక్కుకోలేదు. కానీ 1953 నాటి ‘ది క్రూయల్ సీ’లో భార్య ద్రోహాన్ని దిగమింగుకుంటూ ఓడ విధుల్లో మునిగిపోయే యువ అధికారిని చూడండి. తనకు జరిగిన అవమానాన్ని మర్యాద చాటున దాచుకునే మనిషి అప్పటికే అతనికి పట్టుబడ్డాడు. ఓడిపోయి దిగివచ్చిన చోటు కాదది, అతను తనదిగా చేసుకున్న చోటు.

‘ఆల్ఫీ’ (1966) ఇందుకు గట్టి సాక్ష్యం. బ్రిటన్‌లో గర్భస్రావాన్ని షరతులతో అనుమతించే చట్టం 1967లో గానీ రాలేదు. అంతకుముందే చాటుమాటుగా ఆ పనిచేసే మనిషిగా ఎలియట్ కాసేపే కనిపిస్తాడు. అతన్ని రాక్షసుడిలా చూపించడం తేలిక. ఎలియట్ ఆ దారి పట్టలేదు. పరువు పోయినా పద్ధతి వదలని మాటతీరుతో, అలసిన కళ్లతో వచ్చాడు. అంతవరకు ఆడుతూ పాడుతూ తిరిగిన మైకేల్ కెయిన్ పాత్రకు తన చేతల బరువు మొదటిసారి తగిలేది అక్కడే. పాత్ర గతాన్ని చెప్పడానికి కథలో సమయం లేనప్పుడు, దాన్ని నటుడే వెంట తెచ్చుకోవాలి. నా దృష్టిలో నాయక పాత్రకన్నా ఇదే కష్టం.

దొరికిన ప్రతి వేషమూ ఒప్పుకున్నాడనీ, నలిగిపోయిన పెద్దమనిషినే పదేపదే చూపించాడనీ విమర్శించేవారున్నారు. నాసిరకం చిత్రాలు చేసిన మాట వాస్తవమే. ‘ఇండియానా జోన్స్’ మొదటి చిత్రంలో హుందాగా ఉన్న అతని పాత్ర మార్కస్ బ్రోడీని 1989 నాటికి నవ్వులాటకు దించారు, అదీ నిజమే. అయితే 1983, 1984, 1985 చిత్రాలకు వరుసగా మూడేళ్లు అతనికి బాఫ్టా సహాయ నటుడి పురస్కారం తెచ్చిన పాత్రలను పక్కపక్కన పెట్టండి: ‘ట్రేడింగ్ ప్లేసెస్’లో యజమానుల ఆజ్ఞకూ మనస్సాక్షికీ నడుమ నలిగే బట్లరు, ‘ఎ ప్రైవేట్ ఫంక్షన్’లో మాంసం రేషన్ కాలపు డాంబికుడైన డాక్టరు, ‘డిఫెన్స్ ఆఫ్ ది రెల్మ్’లో తాగుబోతు విలేకరి. ఒకరి మర్యాద భయంలోంచి, మరొకరిది అహంకారంలోంచి, ఇంకొకరిది మిగిలిన కాస్త నిజాయితీలోంచి పుట్టింది. ఆ విలేకరి కథ నడుమనే చనిపోతాడు. ఆ తర్వాత గేబ్రియల్ బిర్న్ పాత్ర సాగించే అన్వేషణ మనకు పట్టేది చనిపోయిన ఆ మనిషిని ఎలియట్ మనకు ఆప్తుణ్ని చేసిపెట్టినందువల్లే. ఆస్కార్ నామినేషన్ తెచ్చిన ‘ఎ రూమ్ విత్ ఎ వ్యూ’లోని ఎమర్సన్ అయితే దాచుకోవడమే ఎరగని ముసలాయన. ఒకే ముద్రలో బందీ అయిన నటుడైతే ఆ పాత్రను అంత అరమరికలు లేకుండా చేయగలిగేవాడు కాదు.