మానసిక ఆరోగ్య సేవల చదువు: అప్పెంత, రాబడెంత?

"సాఫ్ట్‌వేర్ కాకుండా ఇంకేం చదవచ్చు?" అని అడిగేవాళ్ళు ఈ మధ్య మా హారిస్ పార్క్‌లో బాగా ఎక్కువయ్యారు. విగ్రామ్ స్ట్రీట్ హోటళ్ళలో దోసె వచ్చేలోపు జరిగే చర్చల్లో ఇదొకటి. సోషల్ వర్క్, సైకాలజీ, కౌన్సెలింగ్ అన్న పేర్లు తరచుగా వినబడుతున్నాయి. అడిగేవాళ్ళలో కొత్తగా వచ్చిన విద్యార్థులు కొందరు, పిల్లలు బడికి వెళ్ళాక మళ్ళీ చదువుదామనుకునే గృహిణులు కొందరు. నేనూ అప్పు చేసి ఇంజనీరింగ్ మాస్టర్స్ చదివినవాణ్ణే కాబట్టి, ఎవరడిగినా ముందు కాగితం తీసి లెక్క వేస్తాను. ఆ లెక్కే ఇది. డాలర్లన్నీ ఆస్ట్రేలియా డాలర్లు.

ముందు పేర్ల సంగతి. "సైకాలజిస్ట్" అన్నది చట్టరక్షణ ఉన్న పేరు. సైకాలజీ బోర్డులో నమోదు కాకుండా వాడుకోకూడదు. మూడేళ్ళ డిగ్రీ, నాలుగో ఏడాది ఆనర్స్, ఆపైన రెండేళ్ళ మాస్టర్స్ (లేదా ఒక ఏడాది చదువు, ఒక ఏడాది పర్యవేక్షణలో పని), వెరసి ఆరేళ్ళు. బీటెక్ చేసినవాళ్ళు కూడా సైకాలజీ సబ్జెక్టులు మొదటినుంచీ చదవాల్సిందే. సోషల్ వర్క్‌లో అయితే వేరే డిగ్రీ ఉన్నవాళ్ళకి రెండేళ్ళ మాస్టర్స్ ఉంది. కాకపోతే సామాజిక శాస్త్రాల సబ్జెక్టులు కొన్ని చదివి ఉండాలని చాలా యూనివర్సిటీలు అడుగుతాయి. "కౌన్సెలర్" అన్న బోర్డు మాత్రం ఎవరైనా పెట్టుకోవచ్చు. అక్కడే చిక్కు. 2006 నవంబరులో మొదలైన బెటర్ యాక్సెస్ పథకం కింద మెడికేర్ రిబేటు సైకాలజిస్టులకీ, అర్హత పొందిన సోషల్ వర్కర్లకీ, ఆక్యుపేషనల్ థెరపిస్టులకీ వర్తిస్తుంది కానీ కౌన్సెలర్లకి వర్తించదు. అందుకని అప్పు చేసి కౌన్సెలింగ్ మాస్టర్స్‌లో చేరతామంటే నేను వద్దనే చెబుతాను.

ఇక డబ్బు సంగతికొద్దాం. ఒకే క్లాసులో పక్కపక్కన కూర్చున్న ఇద్దరు సోషల్ వర్క్ విద్యార్థుల్ని తీసుకోండి. ఒకరు ఇక్కడి పౌరురాలు, ఇంకొకరు మన గుంటూరు నుంచి వచ్చిన కుర్రాడు.

ఆమెకి ప్రభుత్వ సాయం ఉన్న సీటు దొరికితే 2025 ధర ప్రకారం ఏడాదికి గరిష్ఠంగా 9,314 డాలర్లు, అంటే రెండేళ్ళకి సుమారు 18,600. అది కూడా చేతినుంచి పెట్టక్కర్లేదు, హెల్ప్ అప్పుగా రాసుకుంటారు. 1989లో హెక్స్ పేరుతో మొదలైన ఈ పద్ధతిలో జీతం ఒక స్థాయి దాటితేనే కోత. 2025-26లో ఆ స్థాయి 67,000 డాలర్లు. అది దాటిన మొత్తం మీద మాత్రమే, 1,25,000 వరకూ, డాలరుకి 15 సెంట్లు. వడ్డీ లేదు గానీ ధరలతో పాటు అప్పు పెరుగుతుంది. 2023లో 7.1 శాతం పెరిగేసరికి పెద్ద గొడవే అయింది. తరువాత చట్టం మార్చి దాన్ని 3.2కి తగ్గించారు. 2025లో ఉన్న అప్పుల్లో 20 శాతం మాఫీ కూడా చేశారు.

మన కుర్రాడి ఫీజు ఏడాదికి 35 వేలు అనుకుందాం. రెండేళ్ళకి 70 వేలు, డాలరు 60 రూపాయల చొప్పున 42 లక్షలు. 11 శాతం వడ్డీకి బ్యాంకులో తెస్తే చదువుతున్నన్నాళ్ళూ వడ్డీయే నెలకి 38,500 రూపాయలు. తరువాత పదేళ్ళ వాయిదా నెలకి దాదాపు 58,000. ఇంటి కాగితాలు బ్యాంకులో ఉంటాయి కాబట్టి నాన్నగారికి నిద్ర ఉండదు.

ఇద్దరికీ 80 వేల డాలర్ల ఉద్యోగమే వచ్చిందనుకోండి. పన్ను, మెడికేర్ లెవీ పోను చేతికి నెలకి సుమారు 5,300. ఆమె హెల్ప్ కింద ఏడాదికి కట్టేది 1,950. అతను కట్టేది 11,600. ఉద్యోగం పోతే ఆమె కోత ఆగిపోతుంది, అతని వాయిదా ఆగదు. డిగ్రీ ఒకటే, జీతం ఒకటే, అప్పు జాతి వేరు.

ఫీజు పట్టికలో కనబడని ఖర్చు ఇంకొకటుంది. సోషల్ వర్క్‌లో కనీసం 1,000 గంటల ప్లేస్‌మెంట్ చెయ్యాలి, సాధారణంగా జీతం లేకుండా. 2025 జూలై నుంచి అమల్లోకొచ్చిన కనీస వేతనం గంటకి 24.95 డాలర్ల చొప్పున చూసినా, ఆ గంటలు వేరే పని చేస్తే దాదాపు 25 వేలు వచ్చేవి. అదే నెలలో ప్రభుత్వం ప్లేస్‌మెంట్ భత్యం మొదలుపెట్టింది, కానీ ప్రభుత్వ సాయం సీట్లలో ఉండి అవసరం ఉన్నవాళ్ళకే. విదేశీ విద్యార్థికి రాదు, సైకాలజీ వాళ్ళకీ రాదు. ప్లేస్‌మెంట్ గంటలు వీసాలోని పక్షానికి 48 గంటల పరిమితిలోకి రావు నిజమే, కానీ పగలంతా ప్లేస్‌మెంట్ చేసి రాత్రి పనికి వెళ్ళే ఓపిక ఎన్నాళ్ళుంటుంది?

జీతాల విషయంలో ఒక మంచి మాట కూడా చెప్పాలి. ఈ రంగంలో ఆడవాళ్ళు ఎక్కువ, జీతాలు తక్కువగా ఉండడానికి అదీ ఒక కారణమని తేల్చి 2012లో ఫెయిర్ వర్క్ ఆస్ట్రేలియా 23 నుంచి 45 శాతం దాకా పెంపు ఆదేశించింది. 2020 డిసెంబరు దాకా విడతలుగా అమలైంది. అయినా సాఫ్ట్‌వేర్ జీతాలతో పోల్చుకుని ఇందులోకి దిగకూడదు.

గృహిణులు గమనించవలసినది వేరే ఉంది. పీఆర్ రాగానే చాలామంది చేరిపోతారు. పీఆర్‌తో ప్రభుత్వ సాయం సీటు వస్తుంది గానీ, మానవతా వీసాల వాళ్ళకి తప్ప హెల్ప్ అప్పు రాదు. ఫీజు ముందే కట్టాలి. పౌరసత్వానికి ఏడాదో ఏడాదిన్నరో ఉందంటే ఆగడమే మేలని నా అభిప్రాయం. ఈలోపు టేఫ్‌లో మెంటల్ హెల్త్ సర్టిఫికెట్ 4 చేసి, సహాయక ఉద్యోగంలో ఈ పని తనకి సరిపడుతుందో లేదో చూసుకోవచ్చు. 2023లో మొదలైన ఫీజు లేని టేఫ్ సీట్లలో ఆ కోర్సు ఉందేమో ఏటా చూడాలి.

విద్యార్థులైతే ఫీజు కట్టకముందే ఆ కోర్సుకి ఆస్ట్రేలియన్ అసోసియేషన్ ఆఫ్ సోషల్ వర్కర్స్ గుర్తింపు ఉందో లేదో ఆ సంస్థ జాబితాలోనే చూసుకోండి. వీసా కోసం నైపుణ్య పరిశీలన చేసేదీ ఆ సంస్థే. ఏజెంటు మాట మీద వదిలెయ్యకండి.