గాడిపాడు నుంచి వరండా దాకా: అనంతపురం మిద్దె ఇంటి ముఖభాగంలో మార్పులు

అనంతపురం ప్రాంత వాస్తు చరిత్రలో పెనుకొండ గగనమహలుకూ, లేపాక్షి మంటపాలకూ దక్కిన శ్రద్ధ వాటి చుట్టూ ఉన్న రైతుల మిద్దెలకు దక్కలేదు. మట్టి ఇంటికి శాసనం ఉండదు. దాని చరిత్రకు మిగిలే ప్రధానాధారాలు రెండు: ఇంకా నిలిచి ఉన్న గోడలు, ఇంటి భాగాలకు జనం పెట్టుకున్న పేర్లు. ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమి మాండలిక వృత్తి పదకోశాల పరంపరలో బూదరాజు రాధాకృష్ణ కూర్చిన వాస్తు పదాల సంపుటం ఈ రెండవ ఆధారం విలువను ఏనాడో గుర్తించింది. ఇంటి ముందుభాగాన్ని మార్చుకోవడాన్ని అభిరుచిలో వచ్చిన మార్పుగా వివరించడం పరిపాటి. అనంతపురం మిద్దె విషయంలో ఆ వివరణ చాలదు. ఇక్కడ మొదట మారింది లోపలి అమరిక. ముఖభాగం దాన్ని అనుసరించింది. ఈ క్రమాన్ని నిరూపించడం ఈ వ్యాసం ఉద్దేశం.

1. వాన తక్కువ నేలలో మిద్దె

ఈ పీఠభూమిలో సగటు వార్షిక వర్షపాతం సుమారు 550 మిల్లీమీటర్లు. చదునైన మట్టికప్పు ఇక్కడ సాధ్యమైంది అందువల్లనే. దూలాల మీద దంతెలు, వాటి మీద కట్టెలో బండలో పేర్చి, ఆకూ కసువూ పరచి, మట్టి తొక్కి, అన్నిటికీ పైన చౌడు వేసేవారు. సోడియం లవణాలు అధికంగా ఉన్న చౌడు తడిసినప్పుడు దాని సన్నని రేణువులు విడివడి రంధ్రాలను పూడ్చివేస్తాయి. నీరు కిందికి దిగదు. పంటకు పనికిరాని నేల ఇంటికి కప్పయింది. వానకాలానికి ముందు ఏటేటా కొత్త చౌడు ఎత్తడం ఇంటిల్లిపాది పని. వెలుతురుకూ పొగ పోవడానికీ కప్పులో గవాచి ఉండేది. వాన వస్తే దాన్ని మూసేవారు.

వీధివైపు గోడకు కిటికీలు అరుదు. దీనికి వేడిమి ఒక కారణం. భద్రత మరొకటి కావచ్చు. 1800లో దత్తమండలాలు కుంపిణీ పాలనలోకి వచ్చి, థామస్ మన్రో 1807 వరకు ప్రిన్సిపల్ కలెక్టరుగా పనిచేసేనాటికి ఇది పాళెగాళ్ళ ప్రాంతం. అనేక గ్రామాల్లో నేటికీ కనిపించే బురుజులు ఆనాటి అభద్రతకు సాక్ష్యం. రైతుకు దోపిడి భయం ఉన్నది ధాన్యానికీ పశువుకూ. ధాన్యం పాతరలోకి వెళ్ళింది; పశువు ఇంటిలోకి వచ్చింది.

2. గాడిపాడు: అమరికకు కేంద్రం

తలవాకిలి దాటగానే పశువులను కట్టే పల్లపు భాగం గాడిపాడు. దానికి ఆనుకొని, ఒకటి రెండడుగుల ఎత్తులో, మనుషులు మసలే పడసాల. దాని వెనుక వంటిల్లు. ఒకే కప్పు కింద, ఒకే ద్వారం గుండా ఎద్దులూ మనుషులూ ప్రవేశించేవారు. తలవాకిలి వెడల్పును నిర్ణయించింది కాడెద్దుల రాకపోకలే. ద్వారానికి ఇరువైపులా వీధిలోకి చొచ్చుకొని వచ్చిన ఎత్తైన కట్టడం జగిలి. కోస్తా ‘అరుగు’కు సమానార్థకమైన ఈ మాట కన్నడ ‘జగలి’కి బంధువు, ఈ సరిహద్దు జిల్లా భాషాచరిత్ర ఇంటి ముంగిటనే మొదలవుతుంది.

3. పశువు వెళ్ళిన తరువాత

వరుస కరువుల్లో మేత కొరత, పశువుల అమ్మకం, ట్రాక్టరు సేద్యం కలిసి ఇంట్లోని కాడెద్దులను క్రమంగా తగ్గించాయి. ఖాళీ అయిన గాడిపాడును మట్టితో పూడ్చి, పడసాలతో సమం చేసి, తాడిపత్రి బండలు పరిచారు. ఆ ఒక్క పనితో ఇంటి విన్యాసమంతా మారింది. పల్లం పోయి హాలు వచ్చింది. ఎద్దులు రాని వాకిలికి అంత వెడల్పు అక్కరలేదు. మిగిలిన చోట కిటికీ వెలిసింది. గోడకు కిటికీ రాగానే గవాచి పని సగం తీరింది. గ్యాసు పొయ్యి రాకతో మిగతా సగం తీరింది. కలపా, ఏటేటా చౌడు ఎత్తే మనుషులూ కరువైనప్పుడు సిమెంటు కప్పు వచ్చింది. దానితో జగిలి స్థానంలో ఇనుప గ్రిల్లు వరండా, కొన్నిచోట్ల షట్టరు వేసిన అంగడి గది వెలిశాయి. సిమెంటు రోడ్లు ఒకదాని మీద ఒకటి పడి వీధి మట్టం పెరిగినప్పుడు, గడప పల్లమై వాననీరు లోపలికి రాకుండా పునాది ఎత్తవలసి వచ్చింది. బయటివారికి ముస్తాబుగా కనిపించే ముఖభాగం నిజానికి ఈ అవసరాల చివరి మెట్టు.

ఈ మార్పుకు మూల్యమూ ఉంది. మందమైన మట్టికప్పు ఆపిన ఎండను సిమెంటు కప్పు పీల్చుకొని రాత్రి దాకా లోపలికి వదులుతుంది. 40 డిగ్రీలు దాటే వేసవిలో కొత్త ఇంటివారు ఆరుబయట పడుకోవడం అరుదు కాదు.

4. జగిలి ఎవరిది?

జగిలి అదృశ్యాన్ని సమష్టి జీవనం అంతరించడంగా వర్ణించడం రాయలసీమ గురించిన రచనల్లో తరచుగా కనిపిస్తుంది. బాటసారి నడుము వాల్చినదీ, పంచాయతీ మాటలు సాగినదీ జగిలి మీదనే. అయితే అది కులపు మెట్టు కూడా. దళితుడు వీధిలో నిలబడి మాట్లాడవలసినవాడే గాని, ఆ కట్టమీద కూర్చోదగినవాడు కాడు. 1969లో అనంతపురంలో పని ప్రారంభించిన గ్రామీణాభివృద్ధి సంస్థ (ఆర్‌డీటీ) కట్టించిన ఇళ్ళూ, 1979లో ఏర్పడిన రాష్ట్ర గృహనిర్మాణ సంస్థ ద్వారా వచ్చిన పక్కా ఇళ్ళూ ఈ నేపథ్యంలో అర్థవంతమవుతాయి. వాటిలో జగిలి లేదు, గాడిపాడు లేదు. వాటి నమూనా ఎక్కడైనా ఒకటే. సంప్రదాయ వాస్తు దృష్టిలో అది లోపం. కొట్టంలో బతికిన కుటుంబానికి అది తన పేర పట్టా ఉన్న మొదటి గోడ. వాడలోని ఇంటి ముఖం ఊరిలోని ఇంటి ముఖాన్ని పోలడం ఇక్కడ సామాన్యమైన సంగతి కాదు.

ముగింపు

అనంతపురం మిద్దె ముఖభాగం మూడు దశలను సూచిస్తున్నది: అభద్రత మూసిన గోడ, పశువు నిర్ణయించిన వాకిలి, పశువు వెళ్ళాక తెరుచుకున్న వరండా. ఈ పరిణామాన్ని పతనమనో ప్రగతి అనో ఒక్కమాటలో తేల్చడం చరిత్రకు న్యాయం కాదు. గాడిపాడు, గవాచి, జగిలి అనే పదాలు వాటిని వాడిన తరంతోనే వెళ్ళిపోతున్నాయి. పదసేకరణకు పూనుకునేవారు ప్రతి పదం పక్కన దాని అర్థంతో పాటు, ఆ చోటులోకి ఎవరికి ప్రవేశం ఉండేదో, ఎవరికి లేదో కూడా నమోదు చేయాలి. అప్పుడే ఆ పదకోశం ఇంటి చరిత్రగా నిలుస్తుంది.