పదో తరగతి ఫలితాలు – ఒక చారిత్రక పరిశీలన

మన సంఘ సభ్యులలో చాలామందికి ఉద్యోగ ద్వారం తెరచినది ఎస్.ఎస్.ఎల్.సి. లేక పదో తరగతి సర్టిఫికెట్టే. నేడు యురేనియం గనితో పేరుపడిన తుమ్మలపల్లె వంటి మెట్ట గ్రామాలలో, వాన మీద ఆధారపడిన సేద్యం నుండి బిడ్డను గట్టెక్కించేది ఈ పరీక్షేనని తల్లిదండ్రుల నమ్మకం. కనుక దీని ఫలితాల తీరును పరిశీలించడం సముచితం.

1953లో కర్నూలు రాజధానిగా ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు మనకు సంక్రమించినది మద్రాసు పద్ధతి. పదకొండేళ్లు చదివి ఎస్.ఎస్.ఎల్.సి. ఆపైన చదివే ఒక ఏడాది పి.యు.సి. తరువాతి సంవత్సరాలలో వచ్చింది. 1969-70లో రెండేళ్ల ఇంటర్మీడియట్ వచ్చింది. బడి చదువుకు పదో తరగతి చివరి మెట్టయింది. పత్రికలో నంబరు పడిందా లేదా అని వెదుక్కున్న రోజులు సభ్యులకు విదితమే.

ఇటీవలి అంకెలు చూద్దాం. 2015 నుండి 2019 వరకు ఆంధ్రప్రదేశ్‌లో ఏటా 90 శాతానికి పైగా ఉత్తీర్ణులయ్యారు. 2019లో అది 94.88 శాతం. కరోనా వల్ల 2020, 2021లలో పరీక్షలు జరగలేదు, అందరినీ ఉత్తీర్ణులుగా ప్రకటించారు. 2022లో 67.26 శాతానికి పడిపోయింది. 2023లో 72.26, 2024లో 86.69, 2025లో 81.14 శాతం.

ఇంతటి హెచ్చుతగ్గులు పిల్లల తెలివిలో రెండు మూడేళ్లలో రావు. బడులు మూతబడిన మాట నిజమే. అయితే పరీక్ష కూడా మారింది. 2019 వరకు బడిలోనే వేసే 20 మార్కులుండేవి, అవి పోయాయి. పదకొండు పేపర్లు 2022లో ఏడు, 2023లో ఆరు అయ్యాయి. పడి మార్చి కొలిచి, గింజలు తరిగాయనడం లెక్క కాదు గదా! అమెరికాలో 1971 నుండి ఒకే తీరు ప్రశ్నలతో పిల్లల పఠన శక్తిని కొలుస్తున్నారు. అందువల్లనే 2020, 2023ల మధ్య 13 ఏళ్ల పిల్లలు వెనుకబడ్డారని వారు నిశ్చయంగా చెప్పగలిగారు.

ఒకే ఏడాది, ఒకే ప్రశ్నపత్రం మీద జిల్లాలను మాత్రం పోల్చవచ్చు. 2024లో పార్వతీపురం మన్యం జిల్లా 96.37 శాతంతో ప్రథమ స్థానంలో, మన కర్నూలు 62.47 శాతంతో చివరన నిలిచాయి. మన్యమూ పేద జిల్లాయే. కాబట్టి పేదరికాన్నొక్కదాన్నే సాకుగా చెప్పలేము. కర్నూలు పడమటి మండలాల నుండి కుటుంబాలు సుగ్గికి గుంటూరు వైపు వలసపోతే, బిడ్డల చదువు నడుమనే తెగుతుంది.

శాతాలను చూసి మురియడం, కుంగడం కన్న, మన వీధి పిల్లవాడిచేత ఒక పేజీ చదివించి చూడడం మేలు. ఆ తీరిక విశ్రాంత ఉద్యోగులమైన మనకున్నది.