చెరువుకట్టపై తుఫాను ఋతువు: బయ్యారం నేపథ్యంలో వరద సంసిద్ధత చరిత్ర

వ్యాససంగ్రహం:
తుఫాను అనగానే సముద్రతీరం గుర్తుకువస్తుంది. కాని బంగాళాఖాతంలో పుట్టిన వాయుగుండాలు తీరం దాటి తెలంగాణ మెట్ట ప్రాంతాల మీద కురిపించే వర్షం గొలుసుకట్టు చెరువులకు పెనుపరీక్ష అవుతుంది. మహబూబాబాద్ జిల్లా బయ్యారంలోని కాకతీయుల నాటి చెరువును కేంద్రంగా తీసుకొని, 1908 మూసీ వరద, 1977 దివిసీమ ఉప్పెన, 2023-2025 మధ్య ఓరుగల్లు ప్రాంతాన్ని ముంచిన వరదలను ఈ వ్యాసం పరిశీలిస్తుంది. ఒక విపత్తు నేర్పిన పాఠం తర్వాతి వానకాలానికి సంసిద్ధతగా ఎప్పుడు మారింది, ఎక్కడ మారలేదు అన్నది ఇందలి ప్రధానాంశం.

కీలకపదాలు: బయ్యారం చెరువు, మత్తడి, నీరటి, గొలుసుకట్టు చెరువులు, మూసీ వరద, దివిసీమ, సంసిద్ధత.

1. ఉపోద్ఘాతం:
బయ్యారం పేరు కాకతీయ చరిత్ర చదివినవారికి సుపరిచితం. గణపతిదేవ చక్రవర్తి సోదరి మైలాంబ ఇక్కడ ఒక చెరువును నిర్మించి, దానికి ధర్మకీర్తి సముద్రమని పేరుపెట్టి, శాసనం వేయించింది. ఆ శాసనం కాకతీయుల వంశక్రమాన్ని వెన్నరాజు నుంచి చెబుతుంది. కాకతి పురం రాజధానిగా పాలించినందువల్ల ఆయన వంశీయులకు కాకతీశులన్న పేరు వచ్చిందన్న సమాచారం అందులోనిదే. అందుచేత చరిత్రకారుల దృష్టి ఎక్కువగా వంశావళి మీదనే నిలిచింది. శాసనానికి ఆధారమైన చెరువు మాత్రం నేపథ్యంగా మిగిలిపోయింది.

ఆ చెరువును తుఫాను దృష్టితో చూడవలసిన అవసరం నేడు ఏర్పడింది. బయ్యారం మండలం 2016 అక్టోబరు 11న జరిగిన జిల్లాల పునర్విభజనలో ఖమ్మం జిల్లా నుంచి మహబూబాబాద్ జిల్లాలో చేరింది. ఇది సముద్రానికి దూరంగా ఉన్న ప్రాంతం. ఇక్కడి ప్రజలకు ఉప్పెన భయం లేదు. అయితే తీరం దాటిన వాయుగుండం గాలి వేగాన్ని కోల్పోయినా వర్షశక్తిని కోల్పోదు. ఆ నీరంతా వాగులకూ చెరువులకూ చేరుతుంది. తీరప్రాంతంలో తుఫాను కరకట్టను పరీక్షిస్తే, ఇక్కడ చెరువుకట్టను పరీక్షిస్తుంది.

2. చెరువు నిర్మాణంలోనే సంసిద్ధత:
సప్తసంతానాలలో తటాక ప్రతిష్ఠ ఒకటి. చెరువు తవ్వించినవారి కీర్తి చెరువు నిలిచినంతకాలమే నిలుస్తుంది. కనుక కట్ట తెగకుండా కాపాడుకోవడం వ్యవసాయావసరమే గాక ధర్మావసరంగా కూడా భావింపబడింది. రామప్ప, పాకాల, లక్నవరం చెరువులు ఏడెనిమిది శతాబ్దాలుగా నిలిచి ఉండడానికి స్థల నిర్ణయంలోని మెలకువ ముఖ్య కారణం. రెండు గుట్టల నడుమ ఇరుకైన చోటును ఎన్నుకొని, తక్కువ పొడవు కట్టతో ఎక్కువ నీటిని నిలపడం వీటిలో కనిపించే పద్ధతి.

ఈ పరిజ్ఞానానికి స్పష్టమైన లిఖితరూపం కడప జిల్లా పోరుమామిళ్ల శాసనం. విజయనగర రాజు మొదటి బుక్కరాయల కుమారుడు భాస్కర భవదూరుడు 1369లో వేయించిన ఈ శాసనం మంచి చెరువుకు కావలసిన 12 అంగాలను, వర్జింపవలసిన 6 దోషాలను పేర్కొంటుంది. కట్ట నుంచి నీరు ఊరడం, చవుడు నేల, రెండు రాజ్యాల సరిహద్దున ఉండడం, చెరువు నడుమ తాబేటి వీపులా మెరక ఉండడం, నీరు తక్కువై భూమి ఎక్కువ కావడం, భూమి తక్కువై నీరు ఎక్కువ కావడం అన్నవి ఆ దోషాలు. వీటిలో మొదటిది, చివరిది నేరుగా వరద ప్రమాదానికి సంబంధించినవి. కట్టలో ఊట మొదలైతే అది క్రమంగా గండికి దారితీస్తుంది. పట్టుకునే చోటు కంటె వచ్చే నీరు ఎక్కువైతే కట్ట పొర్లుతుంది. మట్టికట్టలు తెగడానికి నేటి ఇంజనీర్లు చెప్పే ప్రధాన కారణాలు కూడా ఈ రెండే. మూడవ దోషం పాలనకు సంబంధించినది. ఇద్దరి హద్దులో ఉన్న చెరువుకు బాధ్యులెవరూ ఉండరన్న అనుభవం దాని వెనుక ఉంది.

3. మత్తడి, నీరటి:
చెరువుకు రక్షణ మత్తడి. నిండిన తర్వాత వచ్చే నీరు కట్టకు హాని చేయకుండా వెళ్లిపోయే దారి అది. కోస్తా, రాయలసీమలలో దీనినే కలుజు, అలుగు అని వ్యవహరిస్తారు. మత్తడి మీదుగా పోయే నీటి పరిమాణం, దానిపై నిలిచిన నీటి ఎత్తును బట్టి చాలా వేగంగా పెరుగుతుంది. నీటి ఎత్తు రెట్టింపైతే ప్రవాహం దాదాపు 2.8 రెట్లవుతుంది. కాబట్టి మత్తడి నుంచి కట్ట తల వరకు విడిచిపెట్టిన ఖాళీ ఎత్తు వృథా కాదు. తుఫాను రాత్రికి అదే అసలు పెట్టుబడి.

అయితే ఆ ఖాళీ ఎత్తు మీద ఎప్పుడూ ఒత్తిడి ఉంటుంది. ఆయకట్టు రైతు ఎండాకాలపు పంట కోసం మరో అడుగు నీరు నిలవాలని కోరుకుంటాడు. మత్తడిపై రాళ్లో ఇసుక బస్తాలో పేర్చి నీటిని ఆపే అలవాటు అందువల్ల ఏర్పడింది. శిఖం భూమిలో సాగు చేసుకునేవాడు నీరు త్వరగా తగ్గాలని కోరుకుంటాడు. దిగువ వాడలో నివసించేవాడికి కట్ట నిలిస్తే చాలు. ఈ ముగ్గురి ప్రయోజనాల నడుమ తూము ఎప్పుడు ఎత్తాలో, మత్తడి దారి ఎలా తెరచి ఉంచాలో చూసే బాధ్యత గ్రామంలో నీరటిది. వాన రాత్రి కట్ట మీద నడిచి ఊట ఎక్కడుందో గుర్తించేవాడు కూడా అతడే.

1984లో వంశపారంపర్య గ్రామోద్యోగాలు రద్దయ్యాయి. కులాన్ని, పుట్టుకను ఆధారం చేసుకున్న వ్యవస్థ తొలగిపోవడం సామాజికంగా అవసరమైన మార్పు. కాలక్రమంలో నీరటి, గ్రామ సేవకులలో ఒకడై రెవెన్యూ పనులకు పరిమితమయ్యాడు. ఉద్యోగం మారినా చెరువు అవసరం మారలేదు. కట్ట మీద రాత్రి నడిచే మనిషి స్థానం మాత్రం చాలా గ్రామాలలో ఖాళీ అయింది.

4. 1908: ఒక చెరువు తెగితే
గొలుసుకట్టు చెరువుల బలం, బలహీనత ఒకటే. పై చెరువు మత్తడి నీరు కింది చెరువుకు ఆధారం. పై చెరువు తెగితే అదే నీరు కింది చెరువుకు మృత్యువు. 1908 సెప్టెంబరు 28న హైదరాబాదును ముంచిన మూసీ వరద దీనికి చారిత్రక నిదర్శనం. బంగాళాఖాతం నుంచి వచ్చిన వాయుగుండం కురిపించిన వర్షానికి మూసీ పరీవాహకంలోని 788 చెరువులలో 221 తెగిపోయాయి. వేలాది మంది మరణించారు.

మరుసటి సంవత్సరం నిజాం ప్రభుత్వం ఆహ్వానంపై వచ్చిన మోక్షగుండం విశ్వేశ్వరయ్య నాటి గరిష్ఠ ప్రవాహాన్ని 4,25,000 క్యూసెక్కులుగా అంచనా వేశారు. నగరానికి ఎగువన వరదను తాత్కాలికంగా నిలిపే జలాశయాలు కట్టాలని సూచించారు. ఆ ఆలోచన ఫలితంగా మూసీపై ఉస్మాన్‌సాగర్ 1920లోను, ఈసీపై హిమాయత్‌సాగర్ 1927లోను పూర్తయ్యాయి. ఒక వరద అనుభవాన్ని కొలతలుగా మార్చి, ఆ కొలతల మీద నిర్మాణం చేపట్టిన ఘట్టమిది.

ఇందులో గమనింపదగిన వైరుధ్యం కూడా ఉంది. ఈ జలాశయాలు వరదను ఆపాలి, నగరానికి తాగునీటిని కూడా ఇవ్వాలి. మొదటి పనికి జలాశయంలో ఖాళీ ఉండాలి, రెండవదానికి అది నిండాలి. ఆయకట్టు రైతుకూ దిగువ వాడకూ మధ్య గ్రామంలో ఉన్న తగాదాయే ఇక్కడ నగర స్థాయిలో పునరావృతమైంది.

5. 1977: హెచ్చరిక విలువ
1977 నవంబరు 19న దివిసీమను ముంచెత్తిన ఉప్పెన అధికారిక లెక్కల ప్రకారమే దాదాపు 10,000 మందిని బలిగొంది. తర్వాతి సంవత్సరాలలో తీరం వెంట తుఫాను ఆశ్రయ భవనాలు వెలిశాయి, సరుగుడు తోటలు పెరిగాయి, రాడార్లు, ఉపగ్రహాల సాయంతో హెచ్చరికలు మెరుగుపడ్డాయి. 1990 మే 9న మరో తీవ్ర తుఫాను కృష్ణా ముఖద్వార ప్రాంతంలోనే తీరం దాటింది. ఆరు లక్షలకు పైగా ప్రజలను ముందే తరలించారు. ఈసారి మృతుల సంఖ్య 967. ఒకే ప్రాంతం, 13 ఏళ్ల వ్యవధి, పదోవంతు ప్రాణనష్టం. ఈ తేడాకు హెచ్చరిక, ఆశ్రయం, తరలింపు అన్న మూడూ కలిసి కారణమయ్యాయి. ఎక్కడికి వెళ్లాలో తెలియని హెచ్చరిక వల్ల ప్రయోజనం స్వల్పం.

ఈ మూడింటి రూపకల్పన తీరగ్రామాన్ని దృష్టిలో ఉంచుకొని జరిగింది. తుఫాను తీరం దాటిన తర్వాత దాని దారిలో ఉన్న చెరువు కింది గ్రామానికి అటువంటి ఏర్పాటు ఆ స్థాయిలో అందలేదు.

6. 2023-2025: ఓరుగల్లు ప్రాంత అనుభవం
2023 జూలై 27 ఉదయానికి ముగిసిన 24 గంటలలో ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో 649.8 మి.మీ. వర్షం నమోదైంది. ఇది తెలంగాణలో అప్పటివరకు లేని రికార్డు. భూపాలపల్లి జిల్లా మోరంచపల్లిని మోరంచవాగు ముంచెత్తగా జనం ఇళ్ల పైకప్పులెక్కి ప్రాణాలు కాపాడుకున్నారు. 2024 ఆగస్టు 31 రాత్రి కళింగపట్నం సమీపంలో తీరం దాటిన వాయుగుండం ప్రభావంతో మహబూబాబాద్ జిల్లాలో ఆకేరు పొంగింది. కేసముద్రం, ఇంటికన్నె మధ్య పట్టాల కింది కంకర, మట్టి కొట్టుకుపోయి కాజీపేట-విజయవాడ మార్గంలో రైళ్లు ఆగిపోయాయి. ఆ నీరే దిగువన మున్నేరులో చేరి ఖమ్మం పట్టణాన్ని ముంచింది. 2025 అక్టోబరు 28 రాత్రి నర్సాపురం సమీపంలో తీరం దాటిన మొంథా తుఫాను మరునాడు వరంగల్ ప్రాంతాన్ని జలమయం చేసింది. మహబూబాబాద్ జిల్లా డోర్నకల్ రైల్వే స్టేషన్‌లో పట్టాలు నీట మునిగాయి.

ఈ తేదీలలో ఒక క్రమం కనిపిస్తుంది. జూలై వర్షానికి వాగులు పొంగుతాయి గాని చెరువులలో కొంత చోటు మిగిలి ఉండవచ్చు. ఆగస్టు చివర, సెప్టెంబరు, అక్టోబరు వాయుగుండాలు వచ్చేసరికి నైరుతి వానలతో చెరువులు నిండి, మత్తళ్లు దుంకుతూ ఉంటాయి. 1908 వరద కూడా సెప్టెంబరు చివరిదే. రైతుకు చెరువు నిండడం పండుగ. అదే సమయంలో తుఫానును భరించే శక్తి ఆ చెరువుకు అతి తక్కువగా ఉంటుంది. బయ్యారం వంటి చోట్ల తుఫాను ఋతువంటే నిండిన చెరువుల ఋతువని గ్రహించాలి.

7. పునరుద్ధరణ, మిగిలిన పని:
2015 మార్చిలో ప్రారంభమైన మిషన్ కాకతీయ 46,531 చెరువుల పునరుద్ధరణను లక్ష్యంగా పెట్టుకుంది. పూడిక తీయడం వల్ల నిల్వ పెరుగుతుంది. కాని తుఫాను రాత్రి కట్టను కాపాడేవి మత్తడి వెడల్పు, దాని దిగువ కాలువ, కట్ట పటిష్ఠత. మత్తడి కాలువలో ఇల్లు వెలిసినా, పొలం కలిసినా ఎంత పూడిక తీసినా ప్రమాదం తగ్గదు. 2021 ఆనకట్టల భద్రతా చట్టం 15 మీటర్లకు మించిన ఎత్తు గలవాటికి, కొన్ని షరతులతో 10 నుంచి 15 మీటర్ల ఎత్తు గలవాటికి వర్తిస్తుంది. ఊరి చెరువులలో అత్యధికం ఈ పరిధికి వెలుపలనే ఉన్నాయి. రెండు రాజ్యాల హద్దున ఉన్న చెరువుకు దిక్కు లేదన్న పోరుమామిళ్ల శాసన దోషం ఇక్కడ కొత్త రూపంలో కనిపిస్తుంది. నీటిపారుదల, రెవెన్యూ, పంచాయతీ శాఖల నడుమ చెరువు నేటికీ సరిహద్దునే ఉంది.

8. ముగింపు:
పై పరిశీలన వల్ల కింది విషయాలు తేలుతున్నాయి.
- చెరువు నిర్మాణ సంప్రదాయంలో వరద సంసిద్ధత అంతర్భాగం. దోషాల జాబితా నిజానికి ప్రమాదాల జాబితాయే.
- 1908 తర్వాత కొలతలు, జలాశయాలు వచ్చాయి. 1977 తర్వాత హెచ్చరిక, ఆశ్రయం, తరలింపు వచ్చాయి. రెండు సందర్భాలలోను నష్టాన్ని లెక్కగట్టడం మొదటి మెట్టు.
- గొలుసుకట్టు చెరువులలో ఏ ఒక్కదాన్నీ విడిగా కాపాడలేరు. పై చెరువు తెగిందన్న కబురు కింది గ్రామానికి నీటికంటె ముందు చేరాలి.
- సెప్టెంబరు, అక్టోబరు నెలలలో నిండిన చెరువుకు బాధ్యుడైన మనిషి గ్రామానికొకరు ఉండాలి. ఆ బాధ్యత కులాన్ని బట్టి కాక, శిక్షణను, వేతనాన్ని బట్టి ఏర్పడాలి.

మైలాంబ తన చెరువుకు ధర్మకీర్తి అని పేరుపెట్టింది. కీర్తి శాసనంలో భద్రంగా ఉంది. ధర్మం మాత్రం ప్రతి వానకాలంలోను మత్తడి దగ్గర మళ్లీ నెరవేర్చవలసిన పనిగా మిగిలి ఉంది.