ఒంగోలు సంఘానికి దారి చూపినవాళ్లు

ఒంగోలులో మా బాప్టిస్టు సంఘం ఇప్పుడు ఒక పెద్ద ప్రశ్న పెట్టుకుని కూర్చుంది. రాబోయే పదేళ్లలో మనం చేయాల్సిన పరిచర్య ఏమిటి, ఎవరి కోసం? ఆదివారం ఆరాధన అయ్యాక సంఘ పెద్దలు ఒక చోట, స్త్రీల సమాజం ఒక చోట, యవ్వనస్థులు ఇంకో చోట కూడుకుని మాట్లాడుతున్నారు. నెలకో శుక్రవారం ఉపవాస ప్రార్థన పెట్టుకున్నారు. మందిరం పాతబడింది, కొత్త హాలు కట్టాలని కొందరంటారు. పిల్లలు హైదరాబాదుకీ బెంగళూరుకీ వెళ్లిపోతున్నారు, ఉన్నవాళ్లనైనా నిలుపుకునే ఆరాధన కావాలని ఇంకొందరంటారు. పల్లెల్లో తాళం పడిన ప్రార్థన మందిరాలు తెరవకుండా పట్నంలో ఎన్ని కట్టి ఏం లాభమని పెద్దవయసు వాళ్లంటారు. ఎవరి మాటా తీసేయదగ్గది కాదు.

అయితే ఈ ఊరి సంఘానికి ఇలాంటి ప్రశ్న కొత్తది కాదు. ఇంతకంటే గడ్డు రోజుల్లో, ఇంతకంటే తక్కువ మంది, తక్కువ డబ్బుతో మనవాళ్లు దీన్ని ఎదుర్కొన్నారు. ప్రతిసారీ జవాబు ఎక్కడినుంచి వచ్చిందో చూస్తే మనకు కావలసిన పాఠం అందులోనే ఉంది.

అమెరికన్ బాప్టిస్టులు తెలుగు నేలకు వచ్చింది 1836లో. శామ్యూల్ డే దంపతులు విశాఖపట్నంలో దిగి, శ్రీకాకుళం, మద్రాసు మీదుగా 1840లో నెల్లూరు చేరి అక్కడ స్థిరపడ్డారు. ఏళ్లు గడిచినా సంఘంలో చేరినవాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేంత మందే. 1853లో న్యూయార్క్ రాష్ట్రం ఆల్బనీలో మిషను వార్షిక సభ జరిగినప్పుడు నెల్లూరు పని మూసేద్దామన్న ప్రతిపాదన ముందుకొచ్చింది. ఇక్కడ పెట్టిన డబ్బు బర్మాలో పెడితే ఎక్కువ ఫలితం ఉంటుందని వాళ్ల లెక్క. మూసేస్తున్నామని ఆ కొద్దిమంది విశ్వాసులకు ఉత్తరం రాయడానికి ఎవరికి చేతులొస్తాయని అప్పుడు ఒకరు అడిగారట. మిషను పటంలో నెల్లూరు ఒక్కటే చుక్కగా కనిపిస్తుంది కాబట్టి సభలో ఎవరో దాన్ని ‘ఒంటరి నక్షత్రం’ అన్నారు. అమెరికా దేశభక్తి గీతం రాసిన శామ్యూల్ ఎఫ్. స్మిత్ ఆ రాత్రే ఆ పేరు మీద పద్యాలు రాశాడు. మర్నాడు వాటిని చదివాక సభ మనసు మారింది. మిషను నిలిచింది.

ఆ సంగతి మన సండే స్కూలు పిల్లలకు కూడా తెలుసు. కానీ ఆ సభ జరిగిన కొద్ది నెలలకే మన ఊళ్లో జరిగింది నాకు అంతకంటే ముఖ్యంగా కనిపిస్తుంది. 1854 జనవరి 1 తెల్లవారుజామున ఐదుగురు మనుషులు ఒంగోలు కొండెక్కారు. లైమన్ జూవెట్ దొర, ఆయన భార్య, క్రిస్టియన్ నర్సు, జూలియా, రూతు. ఐదుగురిలో ముగ్గురు స్త్రీలు, ముగ్గురు తెలుగువాళ్లు. అప్పటికి ఒంగోలులో సంఘం లేదు, బంగళా లేదు, వీళ్ల మాట వినడానికి ఎదురుచూస్తున్నవాళ్లూ లేరు. పొద్దు పొడిచే వేళకు వాళ్లు పైనుంచి చుట్టూ పరుచుకున్న పల్లెల్ని చూస్తూ ఒకరి తర్వాత ఒకరు ప్రార్థించారు. కింద నాగజెముడు పొదలు నిండిన ఒక చోటు చూపించి, మన బంగళా అక్కడ ఉంటే బాగుంటుంది కదా అని జూవెట్ అన్నాడు. ఇప్పుడు మనం ప్రేయర్ మీటింగ్ హిల్ అనుకునే కొండ అదే.

ఆ ప్రార్థనకు జవాబు వెంటనే రాలేదు. 1862లో అమెరికాలో మళ్లీ మూసివేత చర్చే. సెలవు మీద అక్కడికి వెళ్లిన జూవెట్, మీరు పంపినా పంపకపోయినా తెలుగువాళ్ల మధ్యే బతుకుతాను, అక్కడే చస్తానన్నాడు. అలాగైతే నిన్ను పాతిపెట్టడానికైనా ఒకణ్ణి తోడు పంపాలి కదా అన్నాడట మిషను కార్యదర్శి. అలా వచ్చినవాడు జాన్ క్లౌ. మిన్నెసోటాలో సర్వే పని నేర్చుకున్న రైతుబిడ్డ. 1866లో ఒంగోలులో కాపురం పెట్టాడు. 1867 జనవరి 1న ఎనిమిది మంది సభ్యులతో ఒంగోలు సంఘం ఏర్పడింది. క్లౌపేట అని మనం రోజూ పలికే పేరు ఆయనదే.

ఇంతవరకు దొరల చరిత్ర. అసలు మలుపు దొరల చేతిలో లేదు. ఒంగోలుకు పడమట తాళ్లకొండపాడు మాదిగపల్లెలో ఎర్రగుంట్ల పేరయ్య ఉండేవాడు. తోళ్ల వ్యాపారం చేసేవాడు. యోగసాధన నేర్చి, తనవాళ్లకు తానే గురువుగా నిలిచిన మనిషి. వ్యాపారం మీద ఏలూరు వైపు వెళ్లినప్పుడు అక్కడి మిషనరీల దగ్గర క్రీస్తు మాట విన్నాడు. విన్నదాన్ని ఊరికి తెచ్చి ఇంటింటా చెప్పాడు. ఒంగోలులో ఒక దొర ఉన్నాడని తెలిసి, 1866లో భార్యతో సహా వచ్చి బాప్తిస్మం అడిగాడు. మిషను ఆయన్ని వెతుక్కుంటూ పోలేదు, ఆయనే మిషను గడప తొక్కాడు. తర్వాత క్లౌను తన పల్లెకు రప్పించుకున్నాడు. చెట్ల కింద కూడికలు జరిగాయి. 1867 జనవరిలో అక్కడ ఇరవై ఎనిమిది మంది బాప్తిస్మం తీసుకున్నారు. వాళ్లు తిరిగి తమ చుట్టాల ఊళ్లకు వెళ్లి చెప్పారు. పెళ్లి పిలుపులు, తోళ్ల బేరాలు నడిచే దారుల్లోనే సువార్త కూడా నడిచింది. ఏ కమిటీ గీసిన పటంలోనూ లేని దారులవి.

సరిగ్గా ఇక్కడే క్లౌకు పెద్ద పరీక్ష ఎదురైంది. ఒంగోలు పట్నంలో బ్రాహ్మణులు, ఇతర పెద్ద కులాలవాళ్లు ఆయన బడిని మెచ్చుకుంటున్నారు, మాట వింటున్నారు. మాదిగల్ని చేర్చుకుంటే మేం రామని తేల్చి చెప్పారు. ఎటు చూసినా లెక్క ఒకటే చెబుతోంది: చదువు, భూమి, పలుకుబడి ఉన్నవాళ్లను ముందు తెచ్చుకుంటే మిగతావాళ్లు వెనకాలే వస్తారు. ఆ కలతలో ఆయన తన గదిలో బైబిలు తెరిస్తే కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక మొదటి అధ్యాయం కంటబడింది. లోకం నీచమనుకున్నవాళ్లనే దేవుడు ఏర్పరచుకున్నాడని చెప్పే వచనాలవి. ఇంట్లో వేరే చోట ఉన్న ఆయన భార్య హ్యారియెట్ కూడా అదే సమయంలో అవే వచనాలు తెరిచి ఆలోచిస్తూ కూర్చుందని ఆయన తన జ్ఞాపకాల్లో చెప్పుకున్నాడు. భార్యాభర్తలు నిర్ణయం తీసుకున్నారు. గడప దగ్గరికి వచ్చినవాళ్లను పంపించేది లేదు. పెద్ద కులాలవాళ్లు వెళ్లిపోయారు. బడి ఖాళీ అయింది.

ఆ నిర్ణయానికి ఎక్కువ మూల్యం చెల్లించింది మాత్రం మన ముత్తాతలు, ముత్తవ్వలు. ఆదివారం పని చేయకూడదు, చచ్చిన గొడ్డు మాంసం తినకూడదు, విగ్రహాలకు మొక్కకూడదు. కొత్తగా చేరినవాళ్లకు సంఘం పెట్టిన నియమాలు ఈ మూడే. వినడానికి చిన్నవిగా ఉంటాయి. వెట్టికి పిలిస్తే పోవాల్సినవాడు ఆదివారం రానన్నాడు. జాతరలో డప్పు కొట్టాల్సినవాడు కొట్టనన్నాడు. దానికి పనులు మానిపించారు, దారులు మూశారు, నీళ్లు దొరక్కుండా చేశారు, దెబ్బలు కొట్టారు. అయినా వెనక్కి తగ్గని వాళ్లు కట్టిన సంఘం మనది.

1876లో ధాతు కరువు పడింది. జనం తిండి లేక రోడ్ల మీద పడ్డారు. ప్రభుత్వం కరువు పని కింద బకింగ్‌హాం కాలువ తవ్విస్తోంది. ముందు నేర్చిన సర్వే విద్యతో క్లౌ ఆ కాలువలో కొన్ని మైళ్ల పని కాంట్రాక్టుకు తీసుకున్నాడు. సంఘం బోధకులే మేస్త్రీలయ్యారు. పగలంతా మట్టి, రాత్రి పాకల ముందు మాటలు. కులం అడగకుండా పని ఇచ్చారు, కూలి కూలివాడి చేతికే అందేలా చూశారు. చాలామంది బాప్తిస్మం అడిగినా కరువు నడిచిన ఏడాదికి పైగా ఎవరికీ ఇవ్వలేదు. తిండి కోసం చేరారన్న మాట పడకూడదని వాళ్ల పట్టుదల.

1878లో మిషను పంచుతున్న కరువు సాయం సొమ్ము అయిపోవచ్చింది. ఇక పంచడానికి ఏమీ లేదని చెప్పాక కూడా జనం వేలల్లో వచ్చారు. మాకు సాయం అక్కర్లేదు, బాప్తిస్మం ఇవ్వండన్నారు. జులై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మ రేవులో 2,222 మందికి బాప్తిస్మం జరిగింది. ఆ రోజు నీళ్లలో నిలబడింది క్లౌ కాదు. ఆరుగురు తెలుగు బోధకులు, ఇద్దరు చొప్పున వంతులేసుకుని నిలబడ్డారు. ఒడ్డున పేర్లు చదివేవాళ్లు చదువుతుంటే ఒక్కొక్కరే దిగారు. వెట్టికి పిలిచేటప్పుడు తప్ప ఊరి పెద్దలెవరూ పలకని పేర్లు ఆ రోజు పొద్దుటినుంచి సాయంత్రం దాకా నది ఒడ్డున గట్టిగా వినిపించాయి. ఏడాది చివరికి సభ్యుల సంఖ్య పన్నెండు వేలు దాటింది. అన్నం కోసం మతం మార్చుకున్నారని అప్పుడూ అన్నారు, ఇప్పుడూ అంటారు. అన్నం పెట్టినన్నాళ్లు ఆపి, అన్నం అయిపోయాక ఇచ్చిన బాప్తిస్మాలవి. ఆ మాట అనేవాళ్లకు చెప్పాల్సిన జవాబు ఇదే.

ఇంకో పాతికేళ్లకు ఈ తెలుగు సంఘాలే ఇంకొకరి గడపకు వెళ్లాయి. చెరకు తోటల్లో కూలికి కట్టుబడి దక్షిణాఫ్రికా నాటాల్‌కు పోయిన తెలుగువాళ్ల కోసం, తెలుగు బాప్టిస్టుల హోం మిషను సంఘం 1903లో జాన్ రంగయ్య గారిని పంపింది. పంపినవాళ్లు ధనవంతులు కారు. కానుకల సంచిలో పిడికెడు బియ్యం, అణా, అర్ధణా వేసేవాళ్లు. తమకే చాలని ఇళ్లనుంచి సముద్రం అవతలి తమవాళ్ల కోసం కాపరిని పంపారు. మనకు ముందు అన్నీ సమకూరాక ఇతరుల సంగతి చూద్దాం అనుకుని ఉంటే ఆ పని జరిగేదే కాదు.

తర్వాత ఆస్పత్రి, హైస్కూలు, కాలేజీ వచ్చాయి. 1962లో ‘తెలుగు బాప్టిస్టు సంఘాల సమావేశం’ ఏర్పడి బాధ్యత మన చేతికొచ్చింది. దాంతోపాటు భూములు, భవనాలు వచ్చాయి. చాలా చోట్ల కోర్టు కేసులూ వచ్చాయి. పెద్దల సమయం పరిచర్యకు కాక వాయిదాలకు పోయింది. సభ్యుల సంఖ్య కూడా ఇదివరకటిలా తేలదు. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవుడైన దళితుడికి ఎస్సీ హోదా ఉండదు. మన రాష్ట్రంలో బీసీ-సీ కింద ఒక శాతం రిజర్వేషన్ మాత్రం ఉంది. అందుకే ఎన్నో కుటుంబాల్లో సర్టిఫికెట్ ఒకటి చెబుతుంది, సంఘం రిజిస్టరు ఇంకొకటి చెబుతుంది. ఈ బాధ మోస్తున్నవాళ్లను వేలెత్తి చూపడం తేలిక. వాళ్ల పక్కన నిలబడడం మన పని.

కాబట్టి రేపు ఎటు పోవాలన్న ప్రశ్నకు చరిత్ర చెప్పే జవాబు నాకు ఇలా వినిపిస్తోంది: మనం ఏం కట్టాలని కాదు, మన గడప దగ్గర ఎవరున్నారని ముందు అడగాలి. చీమకుర్తి గ్రానైటు క్వారీల్లో, పాలిషింగు యూనిట్లలో ఒడిశా, బీహారు కుర్రాళ్లు పనిచేస్తున్నారు. నాటాల్‌లో మనవాళ్లు ఎలా ఉన్నారో ఇక్కడ వాళ్లూ అలాగే ఉన్నారు. దెబ్బ తగిలితే ఆస్పత్రికి తీసుకెళ్లే మనిషి లేడు. కనిగిరి వైపు పల్లెల్లో ఫ్లోరైడు నీళ్లతో ఎముకలు వంగిపోయిన పెద్దవాళ్లున్నారు. వాళ్లలో చాలామంది మన పాత సంఘాల బిడ్డలే. తెల్లవారకముందే మన వీధులు ఊడ్చే పారిశుద్ధ్య కార్మికులు ఆదివారం ఆఖరి బెంచీల్లో కూర్చుని వెళ్తారు. సంఘ పెద్దల జాబితాలో వాళ్ల పేర్లు ఉండవు. కొడుకు అమెరికాలో, కూతురు దుబాయిలో ఉన్న తల్లులు పండక్కి ఒంటరిగా అన్నం తింటున్నారు.

మొన్న స్త్రీల సమాజం కూడికలో ఒక పెద్దావిడ లేచి పాస్టరు గారితో అన్న మాట ఈ చర్చలన్నిటిలోకీ నాకు విలువైనదిగా తోచింది. “అయ్యగారూ, హాలు కడదాం, వద్దనను. కానీ మా వీధిలో మంచాన పడ్డ మనిషికి ప్రభువు బల్ల ఇవ్వడానికి ఎవరొస్తారో ముందు రాయండి” అంది. సంఘంలో ఎవరు ఎవరి ఇంటికి వెళ్లాలో ఒక్కొక్కరి పేరుతో రాసుకుందామని ఆమె పట్టు. ఆ రోజే ఒక నోటుపుస్తకంలో వీధులవారీగా రాయడం మొదలైంది.

ఆ పుస్తకం పూర్తయ్యాకే భవనం ప్లాను సంఘం ముందుకు రావాలని నా మనవి. పడమటి పల్లెల్లో మూతపడ్డ ప్రతి మందిరానికీ ఒక జట్టు వెళ్లి, అక్కడివాళ్లు ఏం కావాలంటున్నారో విని రావాలి. క్వారీ కుర్రాళ్లతో వాళ్ల భాషలో మాట్లాడగలిగే యవ్వనస్థులు మనలో ఉన్నారు, ఆ పని వాళ్లకే అప్పగించాలి. రాబోయే పదేళ్ల పరిచర్యను తేల్చే దర్శన కమిటీలో సగం మంది స్త్రీలు ఉండాలి, పారిశుద్ధ్య కార్మికుల నుంచి కనీసం ఇద్దరుండాలి. పెళ్లి సంబంధాల్లో, పదవుల పంపకంలో మనలోనే మిగిలి ఉన్న కులం లెక్క గురించి మందిరంలోనే బాహాటంగా మాట్లాడుకోవాలి. 1867లో పెద్ద కులాల్ని వదులుకుని కట్టిన సంఘంలో మాల, మాదిగ తేడా మిగలడం ఆ త్యాగానికే అవమానం. కానుకల్లో ఎంత భాగం మన గోడల బయట ఖర్చు పెడతామో ముందే తీర్మానించి రాసుకోవాలి. ఈ పనులు చేశాక కొత్త హాలు కడితే, ఎవరి కోసం కడుతున్నామో మనకు తెలిసే కడతాం.